యూదు సమ్మర్ క్యాంపులో క్యాంపర్ కేర్ సూపర్‌వైజర్ పని ఎలా చేయాలి

ఏటా వేసవి దగ్గరపడేసరికి ఒకే రకం ప్రశ్నలు వస్తుంటాయి. అమెరికాలో సోషల్ వర్కో, కౌన్సెలింగో, స్పెషల్ ఎడ్యుకేషనో చదువుతున్న మనవాళ్ళు అడుగుతారు: "యూదుల ఓవర్‌నైట్ క్యాంపులో క్యాంపర్ కేర్ ఉద్యోగం ఇస్తామంటున్నారు. మేం యూదులం కాదు, ఫర్వాలేదా? రోజంతా అక్కడ ఏం చేయాలి?" తలా ఒకరికి విడిగా చెప్పేకన్నా ఒకచోట రాస్తే అందరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఫర్వాలేదు. యూదులు కానివాళ్ళను తీసుకునే క్యాంపులు చాలానే ఉన్నాయి. వాళ్ళ ఆచారాలను గౌరవించాలి, వాటి లెక్క ప్రకారం రోజు నడుస్తుందని తెలిసుండాలి, అంతే.

పని ఇదీ. పిల్లలు రెండు వారాల నుంచి ఏడెనిమిది వారాల దాకా ఇల్లు వదిలి అడవి మధ్య చెరువు పక్కన క్యాబిన్లలో ఉంటారు. చాలా క్యాంపుల్లో ఫోన్లు ఉండవు. ఇంటి మీద బెంగ, క్యాబిన్‌లో గొడవలు, నిద్ర పట్టకపోవడం, తినకపోవడం, భయాలు, కోపాలు, వీటన్నిటినీ చూసే బృందమే క్యాంపర్ కేర్. కొన్ని క్యాంపుల్లో ఈ బృందానికి హీబ్రూ పేరు ఉంటుంది. ఆ బృందాన్ని నడిపేది మీరు.

ఒక మాట ముందే మనసులో పెట్టుకోండి. పిల్లవాడి పక్క మంచంలో పడుకునేది పంతొమ్మిదేళ్ళ కౌన్సిలర్. రాత్రి రెండింటికి ఏడిస్తే లేచేది ఆ కుర్రాడే. కాబట్టి మీరు ఎంత బాగా ఓదారుస్తారన్నదానికన్నా, ఆ కుర్రాడికి ఓదార్చడం ఎంత బాగా నేర్పారన్నది ముఖ్యం. కింద రాసిన ప్రతి మెట్టూ దీని చుట్టూనే తిరుగుతుంది.

కావలసినవి

ముందు వీసా సంగతి. ఇండియా నుంచి వెళ్ళేవాళ్ళకు జే-1 (సాంస్కృతిక మార్పిడి వీసా)లో క్యాంప్ కౌన్సిలర్ వర్గం ఉంది. 18 ఏళ్ళు నిండాలి, గరిష్ఠంగా 4 నెలలు, అదీ నేరుగా పిల్లలతో చేసే పనికే. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద చదువుతున్నవాళ్ళు సీపీటీ లేదా ఓపీటీ (చదువుకు సంబంధించిన పని చేయడానికి ఇచ్చేవి) అనుమతి చేతికి రాకుండా ఒక్క రోజు కూడా పని మొదలుపెట్టకండి. "జీతం వద్దు, తిండీ పడకా చాలు" అన్నా అది పని కిందికే రావచ్చు. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారిని (డీఎస్ఓని) అడిగాకే సంతకం పెట్టండి.

చేతిలో ఉండాల్సినవి: జేబులో పట్టే నోట్‌బుక్, వాకీటాకీ, టార్చి, వాన కోటు, బురదలో నడవగలిగే బూట్లు, ప్రతి క్యాబిన్‌లో ఎవరెవరున్నారో రాసిన పట్టిక. నోట్‌బుక్‌లో పిల్లల పూర్తి పేర్లు రాయకండి. అది ఏదో ఒక రోజు భోజనాల బల్ల మీద మరిచిపోతారు.

కొన్ని మాటలు మొదటి రోజు నుంచే చెవిన పడతాయి. మద్రిఖ్, మద్రిఖా అంటే కౌన్సిలర్ అబ్బాయి, అమ్మాయి. ఎదా అంటే ఒక వయసు పిల్లల జట్టు, దాని పెద్ద రోష్ ఎదా. ఖదర్ ఓఖెల్ అంటే భోజనశాల. మిర్పాఆ అంటే నర్సులుండే ఆరోగ్య కేంద్రం. మెనూఖా అంటే మధ్యాహ్నం పడక వేళ. పలకడం తప్పుపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

1. పిల్లలు దిగకముందే ఫారాలు చదవండి

తల్లిదండ్రులు నింపిన ఆరోగ్య ఫారాలు అన్నీ చదవాలి. మందులు, అలర్జీలు నర్సులు చూసుకుంటారు. మీరు వెతకాల్సింది ఈ ఏడాది ఇంట్లో ఏం మారిందన్నది. విడాకులు, తాతయ్య పోవడం, స్కూలు మారడం, థెరపిస్టు దగ్గరకు కొత్తగా వెళ్తుండడం.

అనుమానం వచ్చిన ప్రతి ఇంటికీ ఫోన్ చేయండి. "ఏమైనా సమస్య ఉందా?" అని అడిగితే "ఏం లేదండీ" అంటారు. ఇలా అడగండి: "బాధ వచ్చినప్పుడు ఇంట్లో ఏం చేస్తే కుదుటపడతాడు? రాత్రి ఎలా పడుకుంటాడు? ఇదివరకు ఇల్లు వదిలి ఎక్కడైనా పడుకున్నాడా, అప్పుడేమైంది?"

ఆ ఫోన్‌లోనే రెండు విషయాలు తప్పక చెప్పండి. ఒకటి, ఏడీహెచ్‌డీకో ఆందోళనకో మందు వాడుతున్న పిల్లలకు "సెలవులే కదా" అని క్యాంపు ముందు మందు ఆపవద్దు, మార్చవద్దు, ఏదైనా ఉంటే డాక్టరుతో మాట్లాడమనండి. కొత్త చోటు, కొత్త మనుషులు, పొద్దున్నుంచి రాత్రి దాకా గందరగోళం ఉండే చోట మందు లేకుండా నెగ్గుకురావడం ఆ పిల్లకు స్కూల్లో కన్నా కష్టం. రెండు, "నీకు నచ్చకపోతే వచ్చి తీసుకెళ్ళిపోతాం" అని మాటివ్వవద్దు. ఆ మాట విన్న పిల్ల మొదటి కష్టం దగ్గరే ఆగి, ఆ ఫోన్ కోసమే ఎదురుచూస్తుంది.

తెలిసినదంతా కౌన్సిలర్‌కు చెప్పేయకండి. కౌన్సిలర్ చేతల్లో ఏం మారాలో అంతే చెప్పాలి. "వాళ్ళమ్మకు క్యాన్సర్, నాన్న వేరే ఉంటున్నాడు" అని కాదు. "ఉత్తరాలు వచ్చే రోజున కాస్త దగ్గరుండు, ఇంటి సంగతులు తనంతట తాను చెబితే విను, నువ్వు అడగకు." ఇది చాలు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల విషయంలో మీ క్యాంపుకు నిజంగా ఏ సదుపాయం ఉందో ముందే తెలుసుకోండి. రామా అనే యూదు క్యాంపుల సంస్థ నడిపే క్యాంపుల్లో వైకల్యమున్న పిల్లల కోసం టిక్వా కార్యక్రమం 1970 నుంచీ ఉంది. అన్ని క్యాంపులకూ అలాంటిది లేదు. తోడుండే మనిషి లేకుండా "చూద్దాంలే" అని చేర్చుకుంటే ఆ పిల్లకే అన్యాయం జరుగుతుంది. మీ అభిప్రాయం డైరెక్టర్‌కు స్టాఫ్ వీక్‌కు (సిబ్బంది శిక్షణ రోజులకు) ముందే చెప్పాలి.

2. స్టాఫ్ వీక్‌లో కౌన్సిలర్లను తయారు చేయండి

పిల్లలు రాకముందు సిబ్బందికి శిక్షణ రోజులు ఉంటాయి. మీకు ఇచ్చే సమయం తక్కువ, ఉపన్యాసం పెట్టి పోగొట్టుకోకండి. ఒకరిని ఏడుస్తున్న పిల్లగా, ఒకరిని కౌన్సిలర్‌గా నిలబెట్టి ఆడించండి. ఇరవై ఏళ్ళ కుర్రాడు మొదటి నిమిషంలోనే "ఏడవకు, రేపు చెరువులో ఎంత బాగుంటుందో చూడు" అంటాడు. అక్కడే ఆపి, ముందు వినడం ఎలాగో చూపించండి. "అమ్మ గుర్తొస్తోందా? ఏ వేళకు ఎక్కువ గుర్తొస్తుంది?" అని అడిగి కాసేపు ఊరుకోవడం వాళ్ళకు చాలా కష్టం. నాలుగుసార్లు చేయిస్తే వస్తుంది.

ఎప్పుడు తప్పక మీకు చెప్పాలో రాసి ప్రతి కౌన్సిలర్ చేతిలో పెట్టండి: తనను తాను గాయపరచుకోవడం లేదా చచ్చిపోవాలని అనడం, ఎవరైనా తాకారనో కొట్టారనో చెప్పడం, రెండు పూటలు వరసగా తినకపోవడం, క్యాబిన్ వదిలి పారిపోవడం, పిల్ల రాత్రి నిద్రపోకపోవడం. ఇవి వింటే పొద్దుటి దాకా ఆగకూడదు.

హెచ్చరిక: ఏ పెద్దవాళ్ళూ ఏ పిల్లతోనూ ఎవరికీ కనబడని చోట ఒంటరిగా ఉండకూడదు. ఈ నియమం మీకూ వర్తిస్తుంది. ఏకాంతంగా మాట్లాడాలంటే వరండా మీద, చెట్టు కింద బెంచీ మీద. మాట వినబడకపోయినా మనుషులు కనబడాలి.

3. మొదటి మూడు రోజులు: బెంగ

ఇంటి బెంగ రోగం కాదు, చాలామంది పిల్లలకు ఎంతో కొంత వస్తుంది. అది ఎప్పుడెప్పుడు పొంగుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. ఖాళీ వేళల్లో: మెనూఖా, పడుకునే ముందు, ఉత్తరాలు రాసేటప్పుడు. ఇంకొకటి చాలామంది ఊహించరు. మొదటి శుక్రవారం సాయంత్రం. యూదుల వారాంతపు విశ్రాంతి దినం షబ్బాత్ మొదలయ్యే ఆ వేళ ఎన్నో ఇళ్ళల్లో అమ్మ కొవ్వొత్తులు వెలిగిస్తుంది, అమ్మానాన్నలు పిల్లల తల మీద చేతులుంచి దీవిస్తారు. క్యాంపంతా స్నానాలు చేసి తెల్లబట్టలు కట్టుకుని పాడుతుంటే, వారమంతా బాగున్న పిల్ల ఆ పాట మధ్యలో బావురుమంటుంది. మీ బృందమంతా ఆ సాయంత్రం పిల్లల మధ్యే ఉండాలి. మీటింగులు పెట్టుకోకండి.

వరస ఇదీ:

మొదట కౌన్సిలర్ వినాలి. తర్వాత చిన్న పని అప్పజెప్పాలి, బల్ల మీద నీళ్ళ జగ్గులు పెట్టడం లాంటిది. ఆపై క్యాబిన్‌లోనే ఒక స్నేహితుణ్ణి కలపాలి. పదిమందితో కాదు, ఒక్కరితో. ఇంకా తగ్గకపోతే కౌన్సిలర్, పిల్ల కూర్చుని ఒక ప్రణాళిక కాగితం మీద రాసుకోవాలి: బెంగ వస్తే ఏం చేస్తాను, ఎవరికి చెబుతాను. ఇవన్నీ అయ్యాకే మీరు రంగంలోకి దిగాలి.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాట్లు చెబుతాను. మంచి మనసున్న సూపర్‌వైజరు ఏడ్చే పిల్లను తన ఆఫీసుకు తీసుకెళ్ళి, చల్లటి ఏసీలో కూర్చోబెట్టి, బొమ్మలు గీయిస్తుంది. పిల్లకు హాయిగా ఉంటుంది. మర్నాడు మళ్ళీ అక్కడికే వస్తానంటుంది. మూడో రోజుకు క్యాబిన్‌లో ఆమెకు స్నేహితులు లేరు, కౌన్సిలర్ పక్కకు తప్పుకుంది, ఆఫీసే ఇల్లయింది. ఓదార్పు క్యాబిన్‌లోనే దొరకాలి. మీరే వెళ్ళి క్యాబిన్ మెట్ల మీద కూర్చోండి, పది నిమిషాలు చాలు, కౌన్సిలర్‌ను పక్కన పెట్టుకోండి, వచ్చేటప్పుడు సంభాషణ ఆమె చేతికి అప్పజెప్పి రండి.

రెండోది బేరాలు. "ఆదివారం దాకా ఉంటే అమ్మకు ఫోన్ చేయిస్తా" అనడం. ఆదివారం దాకా ఆ పిల్ల రోజులు లెక్కపెడుతూ కూర్చుంటుంది. ఫోన్ ఇవ్వాలో వద్దో డైరెక్టరుతో, తల్లిదండ్రులతో కలిసి తేల్చుకోవాలి. ఇస్తే ముందుగా అమ్మానాన్నలతో ఏం మాట్లాడాలో అనుకుని ఇవ్వాలి.

తగ్గిందో లేదో ఎలా తెలుస్తుంది? ఏడుపు ఆగిందా అని చూడకండి. తింటోందా, నిద్రపోతోందా, ఆటలోకి దిగుతోందా, క్యాబిన్‌లో ఒక స్నేహితురాలి పేరు చెప్పగలుగుతోందా? ఈ నాలుగింటిలో మూడు ఉంటే పడుకునే ముందు కాసేపు ఏడ్చినా ఫర్వాలేదు. తినక, నిద్రపోక, రోజురోజుకూ ముడుచుకుపోతుంటే మాత్రం మొండిపట్టు పట్టకండి. కొద్దిమందికి ఆ ఏడాది ఇంటికి వెళ్ళడమే సరైనది. అలా వెళ్ళే పిల్ల ఓడిపోయినట్టు కాకుండా, వీడ్కోలు తీసుకుని వెళ్ళేలా చూడండి.

4. పక్క తడిపే పిల్లలు

దీని గురించి ఎవరూ అడగరు, కానీ ప్రతి వేసవిలోనూ ఉంటుంది. పెద్ద పిల్లల్లోనూ ఉంటుంది. పద్ధతి ముందే కుదిరిపోవాలి.

ఇంటి నుంచి ఒకే రంగు దుప్పట్లు రెండు జతలు తెప్పించండి. కౌన్సిలర్‌కు, పిల్లవాడికి ఒక గుర్తు కుదర్చండి. దిండు మంచం కాళ్ళ వైపు ఉంటే తడిసిందని అర్థం. క్యాబిన్ అంతా ఖదర్ ఓఖెల్‌కు వెళ్ళాక ఇద్దరు కౌన్సిలర్లలో ఒకరు వెనక ఉండిపోయి, తడి దుప్పటి నల్ల సంచిలో వేసి, పరుపు మీది ప్లాస్టిక్ తొడుగు తుడిచి, రెండో జత పరచాలి. పరిచే దుప్పటి అదే రంగుది కాబట్టి తిరిగొచ్చిన పిల్లలకు తేడా కనిపించదు. సంచిని లాండ్రీకి చేర్చేవాళ్ళెవరో కూడా ముందే అనుకోండి. రాత్రి వేసుకునే ప్యాడ్లుంటే స్లీపింగ్ బ్యాగు అడుగున పెట్టి, లోపలే వేసుకునేలా చేయొచ్చు.

సాయంత్రం నీళ్ళు ఆపేయమని మాత్రం చెప్పకండి. ఎండలో ఆడిన పిల్లలు. పగలంతా బాగా తాగించి, పడుకునే ముందు బాత్రూముకు అందరితో పాటు పంపితే చాలు.

5. క్యాబిన్ గొడవలు

ఒక పిల్లను మిగతావాళ్ళు వెలివేస్తే వెంటనే అందరినీ కూర్చోబెట్టి "మనమంతా ఒక కుటుంబం" అని మాట్లాడకండి. ఆ పిల్ల పేరు ఎత్తకపోయినా అందరికీ తెలిసిపోతుంది, రాత్రికి పరిస్థితి ఇంకా చెడుతుంది. మొదట విడివిడిగా మాట్లాడండి. గుంపును నడిపే పిల్ల ఎవరో కనిపెట్టి, ఆమెకు గౌరవమైన బాధ్యత ఒకటి ఇవ్వండి. మంచాల వరస, భోజనం బల్ల దగ్గర కూర్చునే చోట్లు మార్చండి. కౌన్సిలర్లు తమకు ఇష్టమైన పిల్లల మంచాల మీదే కూర్చుంటున్నారేమో గమనించండి. చాలాసార్లు మొదలు అక్కడే. క్యాబిన్ మార్చడం ఆఖరి మార్గం.

6. తల్లిదండ్రులకు ఫోన్

చాలా క్యాంపులు రోజూ ఫోటోలు పెడతాయి. అవి చూసి "మా అమ్మాయి ఒక్క ఫోటోలోనూ నవ్వడం లేదు" అని ఫోన్ వస్తుంది. విసుక్కోకండి. వాళ్ళకు కనిపించేది అదొక్కటే. "నేను వెళ్ళి చూసి రేపు మధ్యాహ్నం లోపల ఫోన్ చేస్తాను" అని చెప్పి, ఆ వేళకు తప్పకుండా చేయండి. చెప్పేటప్పుడు కంటితో చూసింది చెప్పండి: "పొద్దున పాన్‌కేకులు రెండు తింది, మెనూఖాలో పక్క మంచం అమ్మాయితో దారం గాజులు అల్లుతోంది." "బాగానే ఉందండీ" అన్న మాటతో ఏ తల్లికీ నిద్ర పట్టదు.

మీరే ఫోన్ చేయాల్సి వస్తే మొదటి వాక్యం ఇదే: "మీ బాబు క్షేమం." ఎవరు, ఎక్కడి నుంచి అన్నవి ఆ తర్వాత. ఎత్తకపోతే వాయిస్‌మెయిల్‌లో కూడా అదే ముందు. అమ్మానాన్నలు విడిగా ఉంటే ఇద్దరికీ చెప్పాలా అన్నది ఫారంలో చూసుకుని చేయండి. కష్టమైన సంగతి పిల్ల ఉత్తరం ద్వారా కన్నా ముందు మీ నోటి నుంచే వెళ్ళాలి.

7. యూదు దినచర్యలో మీ పని

షబ్బాత్ శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటిపడే దాకా. ఆచారం గట్టిగా పాటించే క్యాంపుల్లో ఆ వేళ రాయరు, ఫోన్ వాడరు. మీరు నోట్సు ఎప్పుడు రాయాలి, ఎక్కడ రాయాలి అన్నది డైరెక్టర్‌తో స్టాఫ్ వీక్‌లోనే తేల్చుకోండి. శనివారం రాత్రి హవ్‌దలా (షబ్బాత్‌ను ముగించే ప్రార్థన) అయ్యాక రాసుకోవచ్చు. కానీ ప్రాణం మీదికొస్తే ఏ సందేహమూ వద్దు. ప్రాణ రక్షణ కోసం షబ్బాత్ నియమాలు పక్కన పెట్టాలని యూదు ధర్మమే చెబుతుంది, దాన్ని పికూఆఖ్ నెఫెష్ అంటారు. అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కోషర్ (యూదు ఆహార నియమాలు పాటించే) వంటశాలలో మాంసం, పాలు కలవవు. మాంసం భోజనం చేసిన పిల్లను ఓదార్చడానికి మిల్క్ చాక్లెట్ ఇస్తే కొన్ని కుటుంబాలకు అది తప్పు. బయట కొన్న మార్ష్‌మాలోల్లో పంది జెలటిన్ ఉండొచ్చు. బయటి తినుబండారం ఏదైనా కోషర్ ముద్ర, అలర్జీల పట్టిక చూడకుండా క్యాబిన్‌లోకి తేవద్దు. మనలో శాకాహారులకు ఒక సూచన: "డైరీ భోజనం" అంటే శాకాహారం అనుకోకండి. చేప మాంసం కింద లెక్కకు రాదు, ట్యూనా అందులో ఉండొచ్చు.

తిషా బ్అవ్ క్యాంపు రోజుల్లో వచ్చే ఉపవాసం. యెరూషలేములోని రెండు ఆలయాల విధ్వంసాన్ని తలచుకునే రోజు. 2026లో జులై 22 సాయంత్రం మొదలై 23 రాత్రి ముగుస్తుంది. తిండీ నీళ్ళూ రెండూ మానేస్తారు. ఆచారం ప్రకారం 13 నిండని అబ్బాయిలు, 12 నిండని అమ్మాయిలు ఉండనక్కర్లేదు, కానీ పెద్దపిల్లల్ని చూసి చిన్నవాళ్ళూ ఉంటామంటారు. ఒక వారం ముందే నర్సుతో కూర్చుని జాబితా చేయండి. తిండి విషయంలో ఇబ్బంది ఉన్నవాళ్ళు, రోజూ మందు వేసుకునేవాళ్ళు అందులో తప్పక ఉండాలి. వాళ్ళతో క్యాంపు రబ్బీయే (యూదు మతగురువు) "నువ్వు తినడమే సరైనది" అని చెబితే మీ మాటకన్నా బాగా పనిచేస్తుంది. ఆ రోజు అన్నం తినే పిల్లలు దాక్కుని తినే పరిస్థితి రాకూడదు.

8. ప్రమాద సూచనలు

పిల్ల చచ్చిపోవాలని ఉందన్నా, ఒంటి మీద కోతలు కనబడినా: ఒంటరిగా వదలకండి, పదునైన వస్తువులు, మందులు దూరం పెట్టండి, డైరెక్టర్‌కు, నర్సుకు, తల్లిదండ్రులకు ఆ గంటలోనే చెప్పండి. అర్హత ఉన్న నిపుణులు చూసి తీరాలి. "చచ్చిపోవాలని అనుకుంటున్నావా?" అని నేరుగా అడగొచ్చు, అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఆత్మహత్య ఆలోచనలున్నప్పుడు సాయం చేసే 988 నంబరుకు ఫోనైనా మెసేజైనా చేయొచ్చు. వెంటనే అపాయం ఉంటే 911.

తనకు ఎవరో హాని చేశారని పిల్ల చెబితే: నెమ్మదిగా వినండి. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి. గుచ్చిగుచ్చి అడగకండి, అవతలివాళ్ళను పిలిచి విచారించకండి. పిల్ల అన్న మాటలు అన్నట్టే రాయండి. చాలా రాష్ట్రాల్లో ఇలాంటిది అధికారులకు తెలియజేయడం చట్టపరమైన బాధ్యత. న్యూయార్క్ లాంటి చోట ఆ బాధ్యత ఉన్న మనిషే స్వయంగా చెప్పాలి, పైవాళ్ళకు చెప్పి ఊరుకుంటే సరిపోదు. మీ రాష్ట్రం నియమం, హాట్‌లైన్ నంబరు రెండూ సీజను మొదలుకాకముందే నోట్‌బుక్ మొదటి పేజీలో ఉండాలి.

9. నోట్సు రాయడం, పని ఫలించిందో లేదో చూడడం

"అందరి దృష్టి తన మీదే ఉండాలని ఏడుస్తోంది" అని రాయకండి. "మంగళవారం రాత్రి భోజనం ముట్టలేదు. 9:40కి క్యాబిన్ మెట్ల మీద ఏడుస్తూ కనిపించింది. కౌన్సిలర్ పక్కన కూర్చుంది, 10:15కి నిద్రపోయింది." ఇలా రాయండి. ఈ కాగితం రేపు తల్లిదండ్రుల ముందుకు వెళ్ళొచ్చు. జబ్బు పేర్లు పెట్టకండి. పిల్లల సంగతులు వాట్సాప్ గ్రూపుల్లో, తెలుగులోనైనా సరే, మాట్లాడకండి.

రోజూ ఒక వేళ పెట్టుకుని మీ బృందంతో కూర్చోండి. ప్రతి పిల్ల గురించీ మూడు ప్రశ్నలు: నిన్న ఏం చేద్దామనుకున్నాం, చేశామా, ఏం మారింది? రెండు రోజుల్లో ఏమీ మారకపోతే ఉపాయం మార్చండి. కౌన్సిలర్ "ఇప్పుడు బాగుంది" అంటే నమ్మండి, నమ్మి ఒకసారి భోజనాల వేళ దూరం నుంచి చూడండి. గొడవపడే పిల్లలు ఎవరికైనా కనబడతారు. జాబితాలో లేని నిశ్శబ్దమైన పిల్లల కోసం వారానికి ఒకసారి పట్టిక తెరిచి, ఏ పేరు దగ్గర మీకు ముఖం గుర్తురాలేదో వాళ్ళ కౌన్సిలర్‌ను ఆ రోజే అడగండి.

10. సిబ్బంది

కౌన్సిలర్లు కూడా ఇల్లు వదిలి వచ్చిన కుర్రాళ్ళే. ఇజ్రాయెల్ నుంచి వచ్చే సిబ్బందిలో సైన్యం నుంచి కొత్తగా బయటికొచ్చినవాళ్ళు ఎక్కువ. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద హమాస్ దాడి జరిగాక వాళ్ళలో కొందరు స్నేహితుల్నో బంధువుల్నో పోగొట్టుకుని ఉంటారు. రాజకీయం మాట్లాడకండి. "ఇంటి నుంచి ఏమైనా తెలిసిందా? ఈ పూట సెలవు కావాలా?" అని అడగండి. బాణసంచా, సైరన్ టెస్టు లాంటివి ఉంటే ముందే చెప్పండి.

సెషన్ ముగిసే ముందు రోజున రెండో సెషన్ బృందానికి నోట్సు అప్పగించండి. ప్రతి పిల్లకు నాలుగు వరసలు: ఏది కష్టమైంది, ఏది పనిచేసింది, ఎవరితో కుదిరింది, వచ్చే ఏడు ఏ క్యాబిన్‌లో వేయకూడదు. నోట్‌బుక్‌ను డైరెక్టర్ చేతికే ఇచ్చి రండి, సూట్‌కేసులో పెట్టుకుని రాకండి.